డాలు నడుమ చదరం

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా, బడిలో కుటుంబానికి ఒక డాలు బొమ్మ గీసుకు రమ్మన్నారు. పూర్వం యూరప్‌లో వంశానికో గుర్తు డాలు మీద వేసుకునేవారట. మా వంశంలో కత్తి పట్టినవాళ్ళెవరూ లేరు, వంకాయలు తరగడానికి తప్ప. అయినా లైబ్రరీ పుస్తకం తెచ్చుకుని ఇద్దరం వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం.

అందులో ఇప్పుడెవరూ వాడని మాట ఒకటి దొరికింది, డెల్ఫ్. తవ్వడం అని అర్థమున్న పాత ఇంగ్లీషు మాటకు చుట్టం. గొయ్యి, గని అనీ, తవ్వి తీసిన మట్టిపెళ్ళ అనీ అర్థాలు. డాలు మీదికి ఎక్కేసరికి అది నలుచదరపు గుర్తయింది. పోరుకు రమ్మని సవాలు విసిరి, ఆనక మాట వెనక్కి తీసుకున్నవాడు తన డాలు నడుమ ముదురు నారింజ రంగు చదరం వేసుకోవాలని నియమం. నియమమైతే రాశారు గానీ, వేసుకున్నవాడు ఒక్కడూ కనబడడట. తన పరువు తనే తీసుకునేదెవరు? ఇలాంటివి చెప్పడం నాకు మహా సరదా. చెప్పుకుంటూ పోయాను.

మా అమ్మాయి డాలు నడుమ ఒక చదరం గీసింది.

నాకు వెంటనే అర్థమైంది. ఎనిమిదో తరగతి అయ్యేదాకా ఈ ఊరు వదలమని ఏడాది కిందట దాని తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను. ఈ బొమ్మ గీసే వారంలోనే వేరే రాష్ట్రంలోని చాండ్లర్‌లో ఉద్యోగానికి ఒప్పుకున్నాను. అది ఏడిస్తే, "ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశాలేవే" అని నవ్వేశాను. ఆ మాట అంటే ఒట్టు చెల్లిపోతుందని నమ్మి పెరిగినవాళ్ళం మేం. ఇక్కడ పుట్టిన పిల్లకు అదేం తెలుసు?

"ఏ గట్టు అమ్మా? వేర్?" అంది ఇప్పుడు. "యూ ప్రామిస్డ్. నా హెడ్ మీద."

"వీసా ప్రాబ్లమ్ కన్నా. ఈ కంపెనీ ఎక్స్‌టెండ్ చేయనంది."

"అప్పుడు తెలీదా నీకు?"

అనుమానం అప్పుడే ఉంది. దాని ఏడుపు ఆపడానికి ఒట్టు వేశాను, అంతే. ఆ సంగతే చెప్పాను.

నారింజ రంగు పెన్సిల్ నా ముందుకు తోసింది. "నువ్వే కలర్ చెయ్యి." చేశాను.

బొమ్మలన్నీ బడి గోడకు పెట్టిన రోజు, మాకు తెలిసిన ఒకావిడ "ఈ ఆరెంజ్ బాక్స్ ఏంటమ్మా?" అని దాన్ని అడిగింది. అది ఒక్క క్షణం నా వైపు చూసింది.

"ఊరికే డిజైన్, ఆంటీ," అంది.

నలుగురిలో నన్ను నిలదీసే హక్కు ఉండి కూడా దాచింది. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు. అయినా నెల తిరక్కుండా చాండ్లర్ వెళ్ళిపోయాం.