ఫిట్ అనే మాటతో మా ఇంట్లో ఒక ఏడాది

మా ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. కానీ ఫిట్ అనే మాట లేకుండా మాకు ఒక్క పూట గడిచేది కాదు. ఎనభైల మొదట్లో మేము గాజువాక దగ్గర రెండు గదుల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నాన్న పోర్టులో కళాసీ. అన్న ఐటీఐలో ఫిట్టరు ట్రేడు చేసి, ఆటోనగర్లో ఒక లారీ షెడ్డులో పనికి కుదిరాడు. నేను హైస్కూల్లో ఉన్నాను.

అన్న చదివింది ఫిట్టరు, చేసేది ఫిట్టింగు. లారీ బాగుపడి, రంగు కొట్టించుకుని బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందుకు వెళ్తే ఆయన ఇచ్చేది ఫిట్‌నెస్. ఇంట్లో బల్బు పెట్టినా, కుళాయి బిగించినా దాన్ని ఫిట్ చేయడమే అనేవాళ్ళం. దర్జీ దగ్గర ప్యాంటు ఫిట్టింగు కుదరకపోతే అన్న ఒక రోజంతా అన్నం సరిగా తినేవాడు కాదు. అమ్మ కూడా గిన్నె మీద మూత పెట్టి చూసి, "ఇది దీనికి ఫిట్టు గాదే, ఇంకోటి తే" అనేది. అక్కడి మాట ఇక్కడా, ఇక్కడి మాట అక్కడా చెప్పి తగువులు పెట్టడాన్ని ఫిట్టింగు పెట్టడం అంటారు కదా, మా ఎదురింటావిడ ఏ ఐటీఐ గడపా తొక్కకుండానే ఆ పనిలో ఆరితేరింది. పనికిరానివాడు అన్‌ఫిట్‌గాడు. ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే జవాబు కూడా అదే, ఫిట్.

ఇన్ని అర్థాలు తెలిసినవాళ్ళకి ఇంకొకటి ఉందని ఎందుకు తోస్తుంది? మాకూ తోచలేదు.

ఆ రోజుల్లో ఒక పెద్ద కంపెనీలో ఫిట్టర్లను తీసుకుంటున్నారని తెలిసి అన్న దరఖాస్తు పెట్టాడు. పరీక్ష పాసయ్యాడు, పని చేసి చూపించమంటే చేసి చూపించాడు. ఇక మెడికల్ ఒక్కటే మిగిలింది. అందులో ఫిట్ వస్తే ఉద్యోగం వచ్చినట్టే. క్వార్టరు ఇస్తారు, నాన్న బస్తాలు మోయడం మానేయవచ్చు. అప్పటికే నాన్న నడుం వంగిపోయి, పొద్దున మంచం మీంచి లేవడానికి గోడ పట్టుకునేవాడు. అందుకని మా అందరికీ అన్న ఉద్యోగం మీదే ఆశ.

అన్నతోపాటు అదే షెడ్డులో ఒక వెల్డరు ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు, అయినా ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు. ఆ లెక్కన మా అమ్మ అతనికి అత్త. మెడికల్‌కి వెళ్ళే ముందు రోజు మా అరుగు మీద కూర్చుని అన్నకి బోధ చేశాడు.

"బావా, ఆ డాక్టరుకి తెలుగు రాదంట. సుగర్, బీపీ, టీబీ అంటే నో సార్ అను. ఫిట్ అన్నాడంటే మాత్రం గట్టిగా ఎస్ సార్ అనాల. నసిగినావంటే అనుమానపడతాడు."

అన్న ఆ పాఠం శ్రద్ధగా నేర్చుకున్నాడు. మర్నాడు డాక్టరు ఒక్కొక్క జబ్బు పేరూ గబగబా చదువుతూ పోతుంటే అన్నీ నో సార్ అన్నాడు. ఆయన చివరికి "ఫిట్స్?" అన్నాడు. అన్న ఛాతీ విరుచుకుని "ఎస్ సార్" అన్నాడు. డాక్టరు తలెత్తి చూశాడు. ఎప్పట్నుంచి అని అడిగాడు. ఆ మాత్రం ఇంగ్లీషు అన్నకి అర్థమైంది. "ఫ్రం చైల్డ్ సార్" అన్నాడు.

ఇంటికొచ్చి ఇదంతా అన్నే సంతోషంగా చెప్పాడు. "సివర్న స్ ఎందుకెట్టినాడో మరి. మనం గారు అన్నట్టు ఆళ్ళు స్ అంటారు కాబోలు" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. నేనైతే ఆ గౌరవానికి మురిసిపోయాను కూడా.

వారం తిరక్కుండా కాగితం వచ్చింది. అన్‌ఫిట్ అన్న మాట నేనే చదివాను. దాని కింద రాసిన జబ్బు పేరుకి నాకు నోరు తిరగలేదు. మందుల షాపతను చూసి, "మూర్ఛ రోగం అని రాసుందమ్మా. ఫిట్స్ అంటారు. ఎవరికి?" అని అడిగాడు. అన్నకి పుట్టి బుద్ధెరిగి ఏనాడూ మూర్ఛ రాలేదు. జ్వరమొస్తే కూడా షెడ్డుకి పోయే మనిషి.

అన్నా, నాన్నా కంపెనీకి వెళ్ళి మొత్తుకున్నారు. అక్కడివాళ్ళు కసురుకోలేదు. ఏడాదిపాటు జబ్బు కనిపించలేదని వేరే డాక్టరు చేత రాయించుకొస్తే మళ్ళీ చూస్తామన్నారు. సీతమ్మధారలో మన తెలుగు డాక్టరు ఒకాయన ఉన్నాడంటే వెళ్ళారు. ఆయన కథంతా విని నవ్వాడట, నాన్న ముఖం చూసి ఆపేశాడట. "నీకు లేదని నాకూ తెలుస్తోంది. కానీ ఏడాది చూశానని రాయాలంటే ఏడాది చూడాలి కదయ్యా" అన్నాడు. లేని జబ్బు లేదని నిరూపించుకోవడానికి మా అన్న నెలనెలా బస్సెక్కి సీతమ్మధార వెళ్ళాడు. నాకు మాత్రం ఆ మొదటి డాక్టరు మీద ఒళ్ళు మండిపోయేది. ఆ ఒక్క మాట ఇంకొకరి చేత తెలుగులో అడిగించి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

ఈలోగా ఎదురింటావిడ తన ఫిట్టింగు తాను పెట్టింది. పెందుర్తి నుంచి అన్నకి వచ్చిన సంబంధం అలాగే వెనక్కి పోయింది. షెడ్డులో అన్నని గొయ్యిలోకి దిగి లారీ కింద పని చేయనిచ్చేవాళ్ళు కాదు, అక్కడ పడితే మా మీదికొస్తుందనేవారు. అన్న ఇవన్నీ నవ్వుతూనే భరించాడు. నేను వీధిలో ఎవరితోనైనా జగడానికి దిగితే నన్ను లోపలికి లాక్కొచ్చేవాడు.

"ఊరోళ్ళు ఏటనుకుంటే నాకేటే? నాకేటీ లేదని అమ్మకి తెలుసు. అది సాలు" అనేవాడు.

అమ్మ ఆ ఏడాదంతా అన్నని నూతి దగ్గరికి వెళ్ళనివ్వలేదు. నీళ్ళు తానే తోడి పెట్టేది. సముద్రస్నానం వద్దంది. సైకిలుకి తాళం వేసి, బస్సులో పొమ్మంది. అన్నానికి కూర్చుంటే వాడు తిని లేచేదాకా కళ్ళార్పకుండా చూసేది. కష్టంలో ఉన్న కొడుకు మీద తల్లికి ముద్దు ఎక్కువైందనుకున్నాం. అన్న కూడా అలాగే అనుకుని ఆవిణ్ణి ఆటపట్టించేవాడు.

ఏడాది గడిచాక డాక్టరు రాసిచ్చాడు, కంపెనీ మళ్ళీ మెడికల్‌కి పిలిచింది. ఈసారి బావ కూడా తోడు వెళ్ళాడు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. మధ్యాహ్నం అమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. నేను పక్కన నీళ్ళు పోస్తున్నాను. బస్సు దిగిన బావ వీధి మొదట్లోంచే పరుగెత్తుకుంటూ వస్తూ కేకేశాడు.

"అత్తా, బావకి ఫిట్టొచ్చీసినాది."

నాకు సంగతి వెంటనే తెలిసింది. నవ్వుతూ అమ్మ వైపు తిరిగేసరికి అమ్మ అక్కడ లేదు. చేపలు మట్టిలో పడి ఉన్నాయి. బొడ్లో దోపుకున్న తాళాలగుత్తి లాగి చేత్తో పట్టుకుని, బావని తోసుకుంటూ వీధిలో పడి పరుగెడుతోంది. మూర్ఛ వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెట్టాలంటారు. నేనూ, బావా వెనకాల పరుగెత్తాం.

సందు మలుపులో అన్న ఎదురొస్తున్నాడు. ఒక చేతిలో స్వీట్ల పొట్లం ఉంది. అమ్మ అతని రెండో చెయ్యి పట్టుకుని, వేళ్ళు విడదీసి తాళాలు కుక్కింది. భుజాలు పట్టి కిందికి నొక్కుతోంది.

"కూకో నాయినా, కూకో. పడిపోతావు. గట్టిగా అట్టుకో" అంటోంది. ఆవిడ చేతుల నిండా చేప పొలుసులు.

"ఏటే అమ్మా, నాకు ఉద్యోగం వచ్చినాది. మెడికల్‌లో ఫిట్టొచ్చింది" అన్నాడు అన్న.

అమ్మ చేతులు ఆగాయి. సంగతి అర్థమై ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి ఆవిడకి. బావ కూడా నవ్వేశాడు. అన్న మాత్రం నవ్వలేదు. తన చేతిలో ఉన్న తాళాల వైపు చూస్తున్నాడు. ఏడాదిగా వీధంతా అన్నదాన్ని నవ్వుతూ భరించినవాడి ముఖం అప్పుడు వాడిపోయింది. నాకు అది చూడబుద్ధి కాలేదు.

"నువ్వు కూడా నమ్మీసినావేటే అమ్మా?" అన్నాడు.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు.

"అంత పెద్ద డాక్టరు రాసినాడు గద నాయినా" అంది.

"ఆయన రాసింది నాను సెప్పిందే గదే" అన్నాడు అన్న.