మా ఆయన ఆ రోజు ఎందుకు నవ్వాడంటే

ఆ పిల్లాణ్ణి కోర్టుకు పంపే బదులు మాకు ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తామని గార్డు, అంటే ఇక్కడి పోలీసు, ఫోన్ చేసినప్పుడు నేను బెండకాయలు తరుగుతున్నాను. సరే అన్నాను. కోపం రావాలి, రాలేదు. ఆ నెలల్లో నాకు నిద్ర తప్ప ఏదీ సరిగ్గా వచ్చేది కాదు.

మేముండే టాలట్‌లో ఒక సాయంత్రం మా ఆయన లువాస్ ట్రామ్ దిగి, హైదరాబాద్‌లో ఉన్న వాళ్ల అక్కతో ఫోన్లో మాట్లాడుకుంటూ ఇంటికి నడుస్తున్నాడు. కొందరు పిల్లలు వెంటపడి కొట్టారు. పన్ను విరిగింది, గడ్డం కింద కుట్లు పడ్డాయి. దొరికింది ఒక్కడే, పదిహేనేళ్లవాడు. అక్కకు మాత్రం ఫోన్ చెయ్యి జారి పడిందని చెప్పాం.

కుట్లు మానాయి. కానీ ఆయన బయట ఫోన్ ఎత్తడం మానేశాడు. ట్రామ్‌లో వచ్చినంతసేపూ అక్కతో కబుర్లాడే మనిషి, ఇప్పుడు ఇంటికొచ్చి బెడ్‌రూమ్ తలుపేసుకుని నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టేస్తాడు. తమ్ముడికి కొవ్వెక్కిందని ఆవిడ అనుకుంటోంది. నాకు కావలసింది ఒక్కటే, ఆ కబుర్లు మళ్లీ మొదలవ్వాలి. ఈ మీటింగు అందుకు పనికొస్తుందేమోనని వెళ్లాను.

కమ్యూనిటీ సెంటర్‌లో బల్ల లేకుండా కుర్చీలు గుండ్రంగా వేశారు. మీటింగు నడిపించే ఆవిడ, గార్డు, పిల్లాడు, వాళ్లమ్మ, మేమిద్దరం. పిల్లాడు తల దించుకుని, బట్టీపట్టినట్టు సారీ చెప్పాడు. వాళ్లమ్మ ఏడ్చింది. ఎవరి అమ్మ ఏడ్చినా మావాళ్లు కుర్చీలో కూర్చోలేరు. మా ఆయన లేచి వెళ్లి ఆవిడకు టీ కప్పు అందించాడు.

"ఈ అబ్బాయి నుంచి మీకేం కావాలి?" అని నడిపించే ఆవిడ అడిగింది. చేసినదానికి బదులుగా వాడితో ఏదైనా పని చేయించమని అడగొచ్చని మాకు ముందే చెప్పారు.

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "బాగా చదువుకోవాలి," అన్నాడు ఇంగ్లీషులో. "లెక్కల్లో ఎలా ఉన్నావు?"

అక్కడెవరికీ అర్థం కాలేదు, నాకు తప్ప. పెళ్లిళ్లలో దండం పెట్టిన ప్రతి పిల్లాడికీ మా అంకుల్స్ ఇచ్చే దీవెన అది. పన్ను విరగ్గొట్టినవాడికీ అదే ఇచ్చాడు.

"ఏం మాట్లాడుతున్నవ్?" అన్నాను గుసగుసగా.

"పోనీయే. చిన్న పోరడు."

ఒళ్లు మండాల్సింది. మండలేదు. అందుకని నేనే పిల్లాణ్ణి అడిగాను. "ఈయన్నే ఎందుకు కొట్టావు?"

వాడు తలెత్తకుండానే చెప్పాడు. "ఫోన్లో నవ్వుతున్నాడు. మా వైపు చూసి, ఏదో భాషలో ఏదో అని నవ్వాడు. మా గురించేననుకున్నా."

"మా అక్క ఉప్మాలో రెండుసార్లు ఉప్పేసిందట," అన్నాడు మా ఆయన. "ఉప్మా అంటే మీ పారిడ్జ్ లాంటిది. మా బావకు ఆవిడంటే భయం. కిక్కురుమనకుండా తిన్నాడు. బాగుందనుకుని ఆవిడ మళ్లీ వడ్డించింది. అది చెప్తుంటే నవ్వాను."

ఆఫీసులో కొత్తవాళ్లకు పని నేర్పుతున్నట్టు నింపాదిగా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. చెప్పిన ఆయనా నవ్వలేదు. పిల్లాడు మొదటిసారి ఆయన మొహం చూశాడు. గడ్డం కింది మచ్చ దగ్గర వాడి చూపు ఆగింది. మళ్లీ సారీ అన్నాడు. ఈసారి బట్టీపట్టినట్టు లేదు. అది నిజమైన సారీ అని నేను నమ్మాను. నమ్మినా లోపల ఏమీ కదల్లేదు.

ఉప్మా సంగతి నేను వినడం కూడా అదే మొదలు. ఇంట్లో మేం డెంటిస్ట్ గురించీ ఇన్సూరెన్స్ గురించీ మాట్లాడుకున్నాం.

బయటికొచ్చాక, "మంచిగనే అయింది," అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. లువాస్ ఎక్కి కూర్చున్నాం. ఫోన్ మోగింది. అక్క. మా ఆయన స్క్రీన్ చూశాడు, చుట్టూ ఉన్నవాళ్లను చూశాడు. ఎత్తుతాడనుకున్నాను. ఫోన్ తిప్పి ఒళ్లో బోర్లా పెట్టుకున్నాడు.

"ఇంటికెళ్లాక చేద్దాం," అన్నాడు నా చెవి దగ్గరకు వంగి. నాతో ఎప్పుడూ తెలుగే మాట్లాడే మనిషి, ఆ మాట ఇంగ్లీషులో అన్నాడు.