ఉప్పు చల్లిన పాకం పల్లీలు

మొన్న హబ్సిగూడలో కళ్లద్దాలు బాగుచేయించుకుని వస్తుంటే, కొత్తగా తెరిచిన మిఠాయి దుకాణం ముందు ఒకమ్మాయి చిన్న కాగితపు గిన్నె నా చేతిలో పెట్టింది. "టేస్ట్ చేయండి అంకుల్, కొత్త ఐటం. స్వీటుగా ఉంటది, సాల్టుగా కూడా ఉంటది" అంది. నాలుగు బాదం పప్పులు, వాటి మీద గాజులా మెరిసే పాకం, ఆ పాకం మీద ఉప్పు రవ్వలు. ఒకటి నోట్లో వేసుకుని, కొరకకుండా చప్పరిస్తూ షేర్ ఆటో ఎక్కాను. నాచారంలో మా సందు దగ్గర దిగాల్సినవాణ్ణి దిగలేదు. చాలా దూరం పోయాక డ్రైవరే వెనక్కి తిరిగి, "అంకుల్, మీరు దిగేది ఎక్కడ?" అని అడిగాడు. అప్పటికి నా ధ్యాస ఆటోలో లేదు, మా అత్తమ్మ వంటింట్లో ఉంది.

నేను గోదావరి వైపు మనిషిని. హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి, బడిలో టీచరుగా ఉన్న నాచారం పిల్లను పెళ్లి చేసుకుని, రైల్వేలో పనిచేసిన మామగారు కట్టించిన ఇంట్లోనే పైభాగంలో కాపురం పెట్టాను. మామగారు పోయాక కింద అత్తమ్మ ఒక్కతే ఉండేది. వంట మాత్రం అందరికీ కిందే. ఆమెది నల్లగొండ వైపు పల్లెటూరు. అల్లుడి ఎదురుగా నిలబడి మాట్లాడటమన్నది ఆ ఊళ్లో ఉండేది కాదట. అందుకని నేను రెండు గజాల దూరంలో కూర్చుని అన్నం తింటున్నా సరే, "ఆయనకు ఇంకింత కూర కావాల్నేమో అడుగు" అని కూతురితో అనేది. కూతురు ఇంట్లో లేకపోతే ఫ్రిజ్‌తో చెప్పేది. "గ్యాస్ బండ వచ్చింది, సంతకం పెట్టాల్నంట" అని ఫ్రిజ్ వైపు చూస్తూ అంటే, నేను లేచి వెళ్లి సంతకం పెట్టేవాణ్ణి. కొన్నాళ్లకు నాకూ అదే అలవాటైంది. "ఇవాళ ఆలస్యంగా వస్తాను" అని నేనూ ఫ్రిజ్‌తోనే చెప్పి డ్యూటీకి వెళ్లేవాణ్ణి. ఇలా ఇరవై రెండేళ్లు గడిచాయి. కోపం కాదు, బిడియమూ కాదు, అదొక పద్ధతి. ఆ పద్ధతిలోనే ఆమె నాకు ఇష్టమైన చామదుంపల పులుసు వారానికోసారి తప్పకుండా చేసేది.

ప్రతి డిసెంబరులోనూ అత్తమ్మ పాకం పల్లీలు చేసేది. క్రిస్మస్‌కు చర్చి వాళ్లు పాటలు పాడుకుంటూ ఇంటింటికీ వచ్చే రోజులకు ముందే రెండు పెద్ద డబ్బాలు నిండిపోవాలి. పల్లీలు దోరగా వేయించి, పొట్టు చెరిగి, చక్కెర పాకంలో పోసి ఆపకుండా తిప్పాలి. వేయించడం, చెరగడం అత్తమ్మ వంతు. తిప్పడం మా ఆవిడ వంతు. డబ్బా మూతలు బిగించడం నా వంతు, బిగించే ముందు గుప్పెడు తగ్గించడం కూడా. అప్పట్లో వాటిలో ఉప్పు ఉండేది కాదు, ఒట్టి తీపే.

ఒక ఏడు దసరా వెళ్లగానే మా ఆవిడ రొమ్ములో గడ్డ కనిపించింది. పరీక్ష చేస్తే క్యాన్సరని తేలింది. ఆపరేషన్ చేసి, ఆరు విడతలు మందు ఎక్కించాలన్నారు. అత్తమ్మకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి, ఆమెకు చెప్పొద్దని మా ఆవిడ నా చేత ఒట్టు వేయించుకుంది. మామూలు కొవ్వు గడ్డేనని, తీసేశారని, బలానికి సెలైన్ పెడుతున్నారని చెప్పాం. జుట్టు రాలిపోయాక తలకు స్కార్ఫు చుట్టుకుని, చలి అంది. అత్తమ్మ ఒక్క మాట కూడా అడగలేదు. అడగనందుకు మా అబద్ధం బాగా కుదిరిందని సంబరపడ్డాం. అన్నిటికంటే కష్టం తిండి దగ్గర వచ్చింది. మా ఆవిడకు అన్నం మట్టిలా ఉండేది, తీపి నోట్లో పెడితే ఇనుప ముక్క నాకినట్టుండేది. నెలన్నర రోజులు ఆమె ఏదీ కావాలని అడగలేదు. పెడితే రెండు ముద్దలు మింగి పళ్లెం పక్కకు జరిపేది.

మూడో విడత అయిన నాలుగో రోజు, మధ్యాహ్నం, మా ఆవిడ లోపలి గదిలో పడుకుని ఉంది. అత్తమ్మ పొయ్యి మీద కడాయి పెట్టి, వాచిన మణికట్టు పట్టుకుని, "ఈసారి తిప్పేటోళ్లు లేరు" అని ఫ్రిజ్‌తో అంది. నేను చొక్కా చేతులు మడుచుకుని లోపలికి వెళ్లాను. ఇన్నేళ్ల ల్యాబ్ బుద్ధి ఊరుకోదు గదా, పాకం ఎన్ని డిగ్రీలకు వచ్చిందో చూద్దామని పైనుంచి థర్మామీటరు తెచ్చాను. అత్తమ్మ దాన్ని చూసి, పొయ్యితో, "పాకానికి జరమొచ్చిందా ఏంది?" అంది. థర్మామీటరు జేబులో పెట్టేసి గరిటె పట్టుకున్నాను.

చక్కెర కరిగింది, బుడగలు వచ్చాయి, పల్లీలు మునిగాయి. తిప్పుతుండగానే ఉన్నట్టుండి పాకమంతా తెల్లబడి, పొడిపొడిగా, ఇసుకలో పొర్లించినట్టు పల్లీలకు అంటుకుంది. నేను చెయ్యి ఆపేశాను.

"పాడైపోయింది."

"పాడు గాలే. గిట్లనే అయితది. మంట జర తగ్గియ్యి, చెయ్యి మాత్రం ఆపకు."

ఆ మాట ఫ్రిజ్‌తో కాదు, పొయ్యితో కాదు, నాతోనే అందని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. తలెత్తి చూస్తే ఆమె నా కళ్లలోకే చూస్తోంది.

"నా బిడ్డకు ఏమైంది?"

"గడ్డ అత్తమ్మా, తీసేశారు గదా, సెలైన్..."

"నేను పన్నెండేండ్లు దవాఖానాల ఆయమ్మ పని జేసిన. సెలైన్‌కు ఎంటికలు రాలవు బిడ్డా."

ఆమె ఆ పని చేసిన సంగతి మాకు తెలియనిది కాదు. అబద్ధం అల్లేటప్పుడు ఇద్దరం ఎలా మరిచిపోయామో! గరిటె తిప్పుతూనే అంతా చెప్పేశాను. గడ్డ ఎంత ఉందో, ఏం తీశారో, ఇంకా ఎన్ని విడతలున్నాయో. రెండు నెలలుగా ఎవరితోనూ అనలేక దాచుకున్నదంతా ఆ కడాయి దగ్గరే బయటికి వచ్చింది.

"డాక్టరు ఏమంటున్నడు?"

"తగ్గుతుందనే అంటున్నారు. ఖాయంగా అని మాత్రం అనలేదు."

ఇందాక ఇసుకలా ఉన్న చక్కెర అప్పటికి మళ్లీ కరిగి తేనెరంగుకు తిరిగింది. అత్తమ్మ పొయ్యి కట్టేసి, నెయ్యి రాసిన పళ్లెంలో పల్లీలు పోయించింది. తర్వాత, "తీపి పడుతలేదా దానికి?" అని అడిగింది. లేదన్నాను. దొడ్డుప్పు తీసి కచ్చాపచ్చాగా దంచి, పాకం ఇంకా వేడిగా ఉండగానే పైన చల్లింది. "దవాఖానాల సూసిన. నోరు చెడినోళ్లకు జర ఉప్పు తగిలితే రుచి తెలుస్తది."

చల్లారాక గిన్నెలో వేసుకుని లోపలికి వెళ్లి కూతురి పక్కన కూర్చుంది. "కొరకకు. నోట్ల పెట్టుకొని సప్పరించు." మా ఆవిడ అనుమానంగానే నోట్లో వేసుకుంది. అది కరిగేదాకా చప్పరించింది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. చివరికి మా ఆవిడ చెయ్యి చాపి, "ఇంకోటియ్యమ్మా" అంది.

అత్తమ్మ ఇచ్చింది. ఇచ్చి, నెమ్మదిగా స్కార్ఫు ముడి విప్పి, ఆ నున్నటి తల మీద అరచేయి పెట్టి నిమిరింది. "పుట్టినప్పుడు గిట్లనే ఉండె నీ తల" అంది. మా ఆవిడ నా వైపు చూసింది, ఒట్టు తప్పావన్నట్టు. తర్వాత తల్లి ఒళ్లో ముఖం దాచుకుని, ఆపరేషన్ రోజున కూడా ఏడవని మనిషి, ఏడ్చింది. నేను వంటింట్లోకి వచ్చి, ఒకదానికొకటి అతుక్కున్న పల్లీలు విడదీస్తూ కూర్చున్నాను.

మిగిలిన మూడు విడతలకూ అత్తమ్మ మాతో వచ్చింది, చేతిలో చిన్న స్టీలు డబ్బాతో. సగం నర్సులే తిన్నారు. ఆ క్రిస్మస్‌కు చర్చి వాళ్లు పల్లీలు నోట్లో వేసుకుని, "ఉప్పు ఎవరేసిన్రమ్మా?" అంటే, "మా అల్లుడు" అని నా మీదికి తోసేసింది. మా ఆవిడకు నయమైంది. వేసవి సెలవులు కాగానే మళ్లీ బడికి వెళ్లి పాఠాలు చెప్పింది. జుట్టు ఈసారి ఉంగరాలు తిరిగి వచ్చింది.

ఇక ఆనాటి నుంచి అత్తమ్మ నాతో ఎదురుగానే మాట్లాడింది. మాట్లాడటమంటే ఎక్కువగా తిట్టడమే. చెప్పులు ఎక్కడపడితే అక్కడ విడుస్తానని, కూరలో ఉప్పు చూడకుండా కలుపుకుంటానని, బీపీ గోలీ మరిచిపోతానని. మూడేళ్లకు, ఒక వారం జ్వరంతో, ఆమె వెళ్లిపోయింది. ఇరవై రెండేళ్లు మాట్లాడకుండా గడిపాం, మూడేళ్లు మాట్లాడుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇరవై రెండేళ్లు ఒక్క మధ్యాహ్నంలా తోస్తాయి. ఆ మూడేళ్లు మాత్రం ఎంత చెప్పుకున్నా ఇంకా మిగిలే ఉంటాయి.