ముఖం కనిపించే టైల్సు, కాలు నిలవని సారంగు

ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. కానీ మా బావమరిది అప్పలరాజు జంగ్లీఘాట్ పేటంతా చెప్పేశాడట. ఇక నా నోటితో నేనే చెప్పుకుంటే కాస్త పరువైనా మిగులుతుంది. మొన్న ఆదివారం నా ఇంటి హాల్లో, నేను ఏరి కోరి వేయించుకున్న టైల్సు మీద, నా కస్టమర్ కళ్ళ ముందే బోర్లా పడ్డాను! నవ్వండి, పర్లేదు. మా ఆవిడ ఇంకా ఆపలేదు. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి.

మీకు తెలిసిందే కదా, మన అండమాన్లో, అబర్డీన్ బజార్లో నాది టైల్సు షాపు. నాకొక డైలాగుంది. కస్టమర్ రాగానే ఒక టైల్ పైకి తీసి, భుజం మీది తువ్వాలుతో తుడిచి, ఆయన మొహం ముందు పెట్టి, "చూడండి భయ్యా! ఇందులో మీ ముఖం కనిపించకపోతే నా పేరు మార్చేయండి!" అంటాను. ఇన్నేళ్ళలో ఎవరూ నా పేరు మార్చలేదు. గరుకు టైల్సు కూడా ఉన్నాయనుకోండి, బాత్రూముల కోసం. అవి గోడౌన్లో ఓ మూలన పడుంటాయి. అందం లేని సరుకుని షోరూములో ఎవడు పెడతాడు?

ఈమధ్య ఇల్లు బాగు చేయించాం. హాలంతా, వరండా గుమ్మం దాకా, అద్దంలాంటి టైల్సు. వంటగది మాత్రం పాత సిమెంటు నేలతో అలాగే మిగిలిపోయింది. "టైల్సు షాపువాడి పెళ్ళాన్ని, నా వంటింటికే టైల్సు లేవు" అని మా కుమారి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటుంది. నేను పట్టించుకోలేదు. నాక్కావలసింది హాలు. పెద్ద కస్టమర్ ఎవరొచ్చినా "షాపులో ఏం చూస్తారు, ఇంటికి రండి, పరిచాక ఎలా ఉంటుందో చూద్దురుగాని" అనొచ్చు కదా, అదీ నా ప్లాను.

ప్లాను బాగానే ఉంది. సారంగుని అడగలేదు, అదొక్కటే తప్పు.

సారంగు అంటే మా కుక్క. హాడో జెట్టీలో ఒకసారి ఫెర్రీ ఎక్కితే, బోటు నడిపే సారంగు పక్కన దర్జాగా కూర్చుని ఉంది ఓ గోధుమరంగు కుక్కపిల్ల. వాడే బోటు తోలుతున్నట్టు ఆ ఫోజు! దిగేటప్పుడు మా వెనకాలే వచ్చేశాడు. పేరు వెతుక్కోవలసిన పని లేకపోయింది. ఇప్పుడు ముసలివాడయ్యాడు. మూతి తెల్లబడింది, వెనక కాళ్ళు బలహీనం. కానీ సాయంత్రం అయ్యేసరికి వంటగదిలోంచి లేచి, హాలు దాటి, వరండా దాటి, గేటు దగ్గర కూర్చుని, రోడ్డు మీద పోయేవాళ్ళందరి అటెండెన్స్ తీసుకోవాల్సిందే. ఎవరైనా రాకపోతే మొరుగుతాడు. వచ్చినా మొరుగుతాడు.

కొత్త హాల్లో మొదటిరోజే వాడి వెనక కాళ్ళు రెండూ రెండు దిక్కులకి వెళ్ళిపోయాయి. పొట్ట నేలకి ఆనింది. లేవబోయాడు, మళ్ళీ జారాడు. మేమెత్తి నిలబెట్టాం. ఆ తర్వాత ఇంకోసారి పడ్డాడు, ఈసారి కుయ్యిమన్నాడు. అంతే, ఆ పూట నుంచి వంటగది గుమ్మం దాటడం మానేశాడు. సాయంత్రం అయ్యేసరికి సిమెంటు నేల అంచున ముందు కాళ్ళు పెట్టుకుని, నా అందమైన హాలుకేసి చూసేవాడు. తుఫాను రోజున ఒడ్డున నిలబడి సముద్రంకేసి చూసే మనిషిలా ఉండేవాడు. నన్ను చూస్తే తోక కూడా ఊపేవాడు కాదు.

పశువుల డాక్టరుకి చూపించాం. ఆవిడ తుంటి దగ్గర నొక్కి చూసి, "నేలేమిటి ఇంట్లో?" అంది.

"టాప్ క్వాలిటీ మేడం! ముఖం కనిపిస్తుంది!" అన్నాను, అలవాటుకొద్దీ.

కుమారి నా కాలు తొక్కింది.

"ఇంకోసారి గట్టిగా పడితే తుంటి పోవచ్చు, ఆ తర్వాత వాడు నడవకపోవచ్చు" అంది డాక్టరు. "గోళ్ళు కత్తిరించండి. కాలివేళ్ళ మధ్య వెంట్రుకలు తీసేయండి. వాడు నడిచే దారంతా కింద రబ్బరున్న రగ్గులు పరచండి. మధ్యలో ఖాళీ ఉండకూడదు. కుచ్చులుంటే గోళ్ళు ఇరుక్కుంటాయి, అవి వద్దు."

ఇంటి దగ్గర ఆటో దిగాక కుమారి ఒకటే మాటంది. "వాడు గేటు దగ్గరికి వెళ్ళాలండీ. ఎలా చేస్తారో నాకు తెలీదు."

అక్కడ మొదలైంది నా రగ్గుల యాత్ర!

ముందు ఆన్‌లైన్లో చూశాను. వృద్ధ శునకాల కోసం ప్రత్యేకం, జారదు, ఉతకొచ్చు, ఎంత బాగున్నాయో! పిన్‌కోడ్ కొట్టగానే, మీ ప్రాంతానికి డెలివరీ లేదు. మనకిది కొత్తా ఏమిటి! ఇంకో సైటువాడు తెస్తానన్నాడు, ఓడలో వస్తుందన్నాడు. ఏ నెలలో అన్నది మాత్రం చెప్పలేదు.

సరే అని బజార్లో పడ్డాను. అక్కడ నా బుద్ధి చూపించుకున్నాను. డాక్టరు రబ్బరు చూడమంది కదా, నేను రంగు చూశాను. హాలుకి మ్యాచింగ్‌గా మెరూన్ కార్పెట్, చివర బంగారు కుచ్చులు. "ఏక్‌దమ్ రాయల్ భయ్యా" అన్నాడు షాపువాడు. ఇంటికి తెచ్చి పరిచి, "సారంగూ, రారా నాన్నా" అని పిలిచాను. ముందు కాలు పెట్టాడు. కార్పెట్టు వాడితో సహా జరిగింది. వాడు వెనక్కి, కార్పెట్టు ముందుకి. కుచ్చుల్లో గోరు ఇరుక్కుని ఓ గావుకేక!

రెండో విడత డోర్‌మ్యాట్లు. కింద రబ్బరుంది, బాగానే పట్టుకున్నాయి. కానీ షాపులో ఉన్నవే కొన్ని. హాలంతా అక్కడొకటి ఇక్కడొకటి వేశాను. చూస్తే మన అండమాన్ మ్యాపు! అన్నీ దీవులే, మధ్యలో ఫెర్రీ లేదు. సారంగు మొదటి దీవి ఎక్కి, అక్కడే నిలబడి, ఏడుపుమొహంతో చూశాడు. ఎత్తుకుని వెనక్కి తెచ్చాను. వాడి బరువెంతో ఆ రోజే నా నడుముకి తెలిసింది.

అప్పుడొచ్చాడు అప్పలరాజు. కుమారి తమ్ముడు, వాడికి సొంత బోటుంది.

"ఏటి బావా, రబ్బరు రబ్బరని ఊరంతా తిరుగుతున్నావంట? మన పాత వల ముక్క కింద పరిసి, మీద రగ్గెయ్యి. కదిల్తే నన్నడుగు! బోటు మీద ఐసు పెట్టెలు జారకుండా మేవదే ఏస్తాం. ఎంత కెరటవొచ్చినా పెట్టె ఒక్క అంగుళం కదల్దు."

"వాసనొస్తుందేమోరా?"

"ఉతికే తెస్తాను కదా. నాకాడ వాసనొస్తుందా?"

సరే, తెచ్చెయ్ అన్నాను. బంధుత్వం పాడుచేసుకోవడం ఎందుకు!

వల తెచ్చాడు, పరిచాం, మీద పాత జంపఖానాలు వేశాం. నిజం చెప్పొద్దూ, ఒక్క అంగుళం కదల్లేదు! మత్స్యకారుల బుర్రే బుర్ర అని వాడి వీపు తట్టాను. ఇక సారంగు హాల్లోకి రావడమే తరువాయి.

వచ్చాడు. కానీ నడవడానికి కాదు. ముక్కు జంపఖానా కిందకి దూర్చి, వలని కొరికి లాగడానికి! ఆ రాత్రి వాన పడి చెమ్మ ఎక్కిందేమో, తెల్లారేసరికి హాలంతా చేపల మార్కెట్టు కంపు. వరండా మెట్ల మీద పిల్లులు వరసగా కూర్చున్నాయి. ఎప్పుడూ మా ఇంటివైపు చూడని పిల్లులు కూడా! కుమారి తన ఆకుపచ్చ యోగా మ్యాటు చుట్టి చంకలో పెట్టుకుని, "ఈ కంపులో నేను ప్రాణాయామం చెయ్యలేను" అని వంటగదిలోకి పోయింది.

సరిగ్గా అప్పుడే ఫోను. బాంబూఫ్లాట్ కామేశ్వర్రావు గారు! అక్కడ పెద్ద లాడ్జి కడుతున్నారు. గదులన్నింటికీ టైల్సు మన దగ్గరే తీసుకుంటారని నేను ఎన్నాళ్ళ నుంచో కలలు కంటున్నాను. "సూరిబాబూ, ఫెర్రీ దిగాను భాయ్. నీ హాలు చూద్దామని వస్తున్నా!"

నా గుండె జారింది. చూడండి, ముందు గుండె, తర్వాత నేను.

జంపఖానాలు లాగేశాను. వలలన్నీ ఉండచుట్టి సోఫా వెనకాల కుక్కాను. బకెట్టు నిండా ఫినాయిలు కలిపి, కంపు పోవడానికి నేల మొత్తం నేనే తుడిచాను. పిల్లుల్ని తరిమాను. "వాడి దారంతా తీసేస్తున్నారేమిటండీ?" అంది కుమారి వంటగదిలోంచి. "ఒక్క గంట ఓపిక పట్టవే!" అన్నాను. గుమ్మంలో సారంగు నన్నే చూస్తున్నాడు. నేను చూడనట్టు నటించాను.

కామేశ్వర్రావు గారు వచ్చారు, చెప్పులు విప్పారు, గుమ్మం దగ్గరే ఆగి హాలంతా చూశారు. తడి ఇంకా ఆరలేదేమో, తళతళలాడిపోతోంది. "వాహ్!" అన్నారు. నేను పొంగిపోయాను.

"ఒక్కటే అనుమానం సూరిబాబూ. మా లాడ్జికి పెద్దవాళ్ళొస్తారు. సముద్రంలో మునిగి తడి కాళ్ళతో లోపలికొస్తారు. ఇది జారదు కదా?"

"జారడమా!" అన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. "ఏం మాట్లాడుతున్నారు సార్! పరిగెత్తినా జారదు, పక్కా గ్యారంటీ! ఇలా చూడండి..."

రెండడుగులు వేశానో లేదో తెలీదు. కాళ్ళు నన్ను వదిలి ముందుకి పోయాయి. ఆసరాకి సోఫా పట్టుకోబోయాను. చేతికి సోఫా కాదు, వల దొరికింది. గిర్రున తిరిగి బోర్లా పడ్డాను, వలంతా వచ్చి నా మీద పడింది. నడుము పట్టేసింది. కదల్లేను, లేవలేను. మెట్ల మీంచి ఓ పిల్లి పరుగున లోపలికొచ్చింది.

"అరే సూరిబాబూ!" అన్నారు కామేశ్వర్రావు గారు కంగారుగా. "ఇదేమిటి భాయ్... ఇంట్లో వల?"

కుమారి వంటగదిలోంచి పరిగెత్తుకొచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది. తడి నేల మీద అడుగేస్తే తనూ నా పక్కనే పడుతుంది మరి. అటూ ఇటూ చూసి, గోడకి ఆనించిన యోగా మ్యాటు తీసి, గుమ్మం నుంచి నా దాకా ఒక్క ఊపున పరిచింది. దాని మీద అడుగు పెట్టబోయింది.

తనకంటే ముందు సారంగు పెట్టాడు.

ఒక కాలు. ఆగాడు. రెండో కాలు. మ్యాటు కదల్లేదు. వెనక కాళ్ళు కూడా ఎక్కాయి. జారలేదు! ఒక్కో అడుగే వేసుకుంటూ తిన్నగా నా దగ్గరికొచ్చాడు. నా చెవి వాసన చూశాడు, చెంప నాకాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చేశాయి. నడుము నొప్పికనుకున్నారు వాళ్ళు. అనుకోనివ్వండి.

"సారంగూ, నా కోసం వచ్చావురా!" అన్నాను.

వాడు నా కోసం రాలేదని అప్పుడే తెలిసింది. మ్యాటు చివర నిలబడి వరండా గుమ్మంకేసి చూస్తూ తోక ఊపుతున్నాడు. కుమారికి అర్థమైంది. లోపలికి పరిగెత్తి, అంచులు చిరిగిన తన పాత మ్యాటు తెచ్చి, మొదటిదాని చివర నుంచి నా పక్కగా వరండా దాకా వేసింది. వాడు నన్ను చుట్టి దాటుకుని, ఆ మ్యాటెక్కి, వరండా దాటి, గేటు దగ్గరికి పోయి కూర్చుని, ఇన్ని రోజుల తర్వాత నోరు తెరిచి మొరిగాడు. ఇన్నాళ్ళ బాకీ అంతా ఒకేసారి! కుమారి చేతులు చరుస్తూ వెనకాలే వెళ్ళిపోయింది. కామేశ్వర్రావు గారు కూడా "శభాష్ రా!" అంటూ బయటికి నడిచారు.

ఇక హాల్లో ఎవరం మిగిలాం? నేనూ, వలా, పిల్లీ.

కాసేపటికి కుమారికి గుర్తొచ్చాను. ఇద్దరూ లోపలికొచ్చి నన్ను వలలోంచి విడదీశారు. విడదీస్తున్నంతసేపూ కుమారి భుజాలు నవ్వుతో ఊగుతూనే ఉన్నాయి.

"సూరిబాబూ," అన్నారు కామేశ్వర్రావు గారు, నవ్వు ఆపుకోవడానికి ఎంత కష్టపడుతున్నారో మొహంలో తెలుస్తోంది, "ఈ టైల్సు నాకొద్దు భాయ్. నీ కుక్క నడవగలిగే టైల్సుంటే చెప్పు, లాడ్జంతా అవే వేయిస్తాను."

గోడౌన్లో, మూలన, బూజు పట్టి ఉన్నాయి కదా! అవే! రగ్గుల కోసం ఊరంతా తిరిగినవాడికి తన గోడౌనొక్కటే గుర్తు రాలేదు చూశారా! లాడ్జికి అవే వెళ్తున్నాయి. మా ఇంట్లో మాత్రం వంటగది నుంచి వరండా దాకా యోగా మ్యాట్ల దారే ఉంది. సారంగు రోజూ దాని మీదే డ్యూటీకి వెళ్తున్నాడు. నడుముకి పట్టీ కట్టుకుని నేనూ దాని మీదే నడుస్తున్నాను. ఎదురుపడితే నేనే పక్కకి తప్పుకోవాలి, వాడు తప్పుకోడు. కుమారి యోగా చెయ్యడానికి మ్యాటు లేక కుర్చీలో కూర్చుని ఊపిరి పీలుస్తోంది.

ఆ రోజు కామేశ్వర్రావు గారు చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగి, "ఇంతకీ సూరిబాబూ, నువ్వెప్పుడూ అంటావే, ముఖం కనిపిస్తుందని. నిజంగా కనిపించిందా?" అని అడిగారు.

ఎందుకు కనిపించదు? ముక్కు టైల్‌కి ఆనించుకుని అంతసేపు పడుకున్నాను కదా. చాలా స్పష్టంగా కనిపించింది. ఆ ముఖాన్ని చూశాక, సారంగు ఇన్నాళ్ళూ నన్ను చూసి తోక ఎందుకు ఊపలేదో కూడా తెలిసిపోయింది.