పూజలో పడుకున్న తుపాకి

మా మేనమామను తలచుకుంటే ఇప్పటికీ నాకు పళ్లు కొరకాలనిపిస్తుంది. ఎవరితో మాట్లాడినా ఎడమ కన్ను మూసి, కుడి కంటితో గురి చూసేవాడు. మజ్జిగ అడిగినా అవతలివాళ్లకు గుండె ఆగేది. గురజాలలో ఒక ముసలి సిపాయి దగ్గర తాతల కాలపు పటాలం తుపాకి కొన్న నాటి నుంచి పట్టిన రోగం అది.

దాని మీద గోకిన తుప్పుతో కారంపూడి దాకా రోడ్డు వేయొచ్చు. యుద్ధం రోజుల్లో మాకు కంట్రోలు మీద దొరికే కిరసనాయిలంతా దానికే తాగించాడు. మేము చీకట్లో తడుముకుంటూ అన్నం తిన్నాం. పుచ్చిన తుపాకి మడమ కర్ర తీసేసి నల్లతుమ్మతో కొత్తది చెక్కించాడు. చివరికి అది పేలింది కూడా. ఆ మోతకు మా గేదె పాలివ్వడమే మరిచిపోయింది.

ఆ ఏడు మా తిండికి వేరుశనగ చేనొక్కటే ఆధారం. కాయ ఊరే వేళకు అడవిపందులు దిగాయి. పందుల్ని బెదరగొట్టే రేకు డబ్బాతో కాపలాకు మంచె ఎక్కబోతున్న నాన్నకు మామ అడ్డం పడ్డాడు.

"ఏంది బావా, నా తుపాకి ఉండగా డబ్బా కొడతావా? ఇంటికి పోయి పడుకో."

సరిగ్గా ఆయుధపూజ నాటి రాత్రి పందులు చేనంతా దున్నిపోయాయి. తుపాకి పసుపు కుంకుమలతో ఇంట్లో పీట మీద ఉంది. పూజలో పెట్టిన ఆయుధాన్ని మర్నాటి దాకా కదపకూడదట!

తెల్లవారాక మామ గట్టు మీద నిలబడి, ఏ మాత్రం సిగ్గు లేకుండా ఎడమ కన్ను మూసి మా అమ్మకు గురిపెట్టాడు.

"చానా తెలివైనయ్యే చెల్లే! నా తుపాకికి భయపడి, పండగ చూసుకుని మరీ వచ్చినయ్."

అమ్మ కాయల్లేని మొక్కొకటి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఆ రెండో కన్ను గూడా మూసుకో అన్నా. ఇంక నువ్వు గురి చూడాల్సిందేం మిగల్లేదు."