మూడు భాగాలూ కావాలి

పలాసలో డయాలసిస్ మంచం మీద నాలుగు గంటలు పడుకోవాలి. ఎడమ చేతికి సూదులుంటాయి, కదపకూడదు. అచ్చు పుస్తకం ఒక్క చేత్తో పట్టుకుని పేజీ తిప్పడం నా వల్ల కాలేదు. అందుకే, టెక్కలి బడిలో ఫోను ముట్టుకోవద్దని ఇన్నాళ్లూ పిల్లల్ని కసిరిన నేను, ఆ ఫోనులోనే ఈ-పుస్తకాలు వెతకడం మొదలుపెట్టాను.

ఫోనులోనే అవి అమ్మే దుకాణాలు రెండు చూశాను. మొదటిది పెద్దది. తెలుగు అని కొడితే కుప్పలుగా వచ్చి పడ్డాయి. వ్రతకథలు, జాతకాలు, త్వరగా కోటీశ్వరులయ్యే మార్గాలు. మా ప్రాంతం పేరు, ఉద్దానం అని కొట్టాను. కిడ్నీ జబ్బుకు ఏం తినకూడదో చెప్పే పుస్తకాలు చూపించింది. ఒళ్లు మండింది. మా వైపు జీడితోటలున్నాయి, సముద్రముంది, పెళ్లిళ్లూ తగాదాలూ ఉన్నాయి. మేం రోగం తప్ప ఇంకేమీ కామా? నాకు కావలసింది కుట్రలూ ప్రేమలూ ఉన్న పెద్ద నవల. ఒకటి దొరికింది, మూడు భాగాలది. తీరా చూస్తే అక్కడ రెండో భాగం లేదు.

రెండో దుకాణం చిన్నది. తెలుగు పుస్తకాలు ఒక బీరువాకు సరిపోతాయేమో. కానీ మూడు భాగాలూ ఉన్నాయి. అక్కడ పుస్తకాలు ఏరి పెట్టినవాళ్లెవరో చదివేవాళ్లే అనిపించింది.

పక్క మంచం మీది తాత సంతబొమ్మాళి వైపు ఒడ్డున ఉండేవాడు, సముద్రంలో వేట చేసిన మనిషి. ఆ దుకాణంవాళ్లు ఉచితంగా ఇచ్చిన మొదటి అధ్యాయం అతనికి పైకి చదివి వినిపించాను. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా కథలో ఇల్లొదిలిపోయిన పిల్ల సంగతే అడిగేవాడు.

మా ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఫోనులోకి తొంగి చూసి నెమ్మదిగా అన్నాడు.

"ముందు ఒకటి తీసుకో. అదయ్యాక సూద్దాం."

ఈ మధ్య మా ఇంట్లో అన్నిటికీ ఆ 'సూద్దాం' తగులుకుంది. నేను వచ్చే ఏడాది మాటెత్తితే చాలు, అందరూ కళ్లు పక్కకు తిప్పుకుంటారు. నాకు కోపం వచ్చింది. ఆయన చూస్తుండగానే కుడి బొటనవేలితో మూడూ కొనేశాను.

కథ పెద్దదనీ, చాలా నెలలు పడుతుందనీ తాతతో చెప్పాను. అతను సూది చెయ్యి కదపకుండా తల మాత్రం నావైపు తిప్పాడు.

"మూడోది కూడా నువ్వే సదవాల, టీచరమ్మా. నాను ఇంటాను."

చదువుతానన్నాను. మా ఆయన స్టూలు దగ్గరకు జరుపుకున్నాడు. రెండో అధ్యాయం తెరిచి, వార్డంతా వినపడేలా గొంతు పెంచి మొదలుపెట్టాను.