బ్రేకు కట్టిన మనిషే ముందు కూర్చోవాలి

"మేస్త్రి ఏడి?" అని అడిగిన ప్రతి మనిషి మీదా సువార్తకు కోపం వస్తుంది. ముప్పై ఏళ్ళుగా వస్తూనే ఉంది. ఆర్మూరులో పెర్కిట్ పక్క, లారీలు ఆగే చోట, రేకుల షెడ్డు ముందు పీట వేసుకుని, ఒళ్ళో బ్రేకు షూ పెట్టుకుని, సుత్తి పట్టుకుని కూర్చుని ఉంటుందామె. వచ్చినవాళ్ళు ఆమె తల మీదుగా షెడ్డులోకి తొంగి చూసి మరీ అడుగుతారు, మేస్త్రి ఏడని. సువార్త తలెత్తదు. ఒక రివిటు కొడుతుంది, రెండోది కొడుతుంది, అప్పుడంటుంది: "మేస్త్రి సచ్చి పదేండ్లాయె. ఆయన బిడ్డ ఉన్నది. పనుంటే చెప్పు, లేకుంటే ఎండల నిలవడకు."

మేస్త్రి అంటే వాళ్ళ నాన్న ఎల్లయ్య. కమ్మర్‌పల్లి నుంచి వచ్చి, లారీ బ్రేకుల పనిలో ఊరంతా పేరు తెచ్చుకున్నవాడు. చూపు మందగించాక, షూ మీద అరిగిన లైనింగు పట్టీని ఊడదీయడం, కొత్త ముక్కను షూ వంపుకు సరిగ్గా కోసి బిగించడం, రివిట్లు దిగగొట్టడం, ఇదంతా బిడ్డ చేతికి ఇచ్చాడు. చూపు పోయిన తండ్రి వేలి కొనతో తడిమి చూసి, వెంట్రుకవాసి ఎత్తుగా ఉన్న రివిటును కూడా పట్టుకుని మళ్ళీ కొట్టించేవాడు. పనితో పాటు ఒక పద్ధతి కూడా ఇచ్చిపోయాడు. బ్రేకు కట్టిన మనిషి, బండి మొదటిసారి దిగుడు దిగేటప్పుడు అందులో కూర్చోవాలి. లారీలైతే బైపాసు వంతెన దిగుడు. చిన్న బండ్లయితే సిద్ధులగుట్ట ఘాటు రోడ్డు. స్కూలు బస్సులో, డీసీఎం వ్యానులో, ఆఖరికి పోలీసు జీపులో కూడా సువార్త అట్లా కూర్చుని దిగింది. డ్రైవరు పక్క సీటులో, కిటికీలోంచి చెవి బయటికి పెట్టి, చక్రాల చప్పుడు వింటూ.

ఆమె భర్త ఎంకటిది ఏర్గట్ల ఊరు. చక్రాలు విప్పడం, బిగించడం, బ్రేకు పైపుల్లో గాలి తీయడం అతని పని. సువార్త ఆదివారం చర్చికి పోతే, అతను సోమవారం గుట్ట మీద దేవునికి దండం పెట్టుకుంటాడు. ఆ విషయంలో వాళ్ళిద్దరికీ ఎన్నడూ పేచీ రాలేదు. ఎంకటి నెమ్మది మనిషి. ఇంట్లో ఉన్న కోపమంతా ఒక్కరికే సరిపోయిందని తోటివాళ్ళు నవ్వుతారు.

ఈ ఏడు పసుపు సీజను మొదట్లో ఆ షెడ్డు ముందుకు ఒక కారు వచ్చింది. వచ్చిందంటే, లారీ మీద ఎక్కించుకుని తెచ్చారు. క్యాడిలాక్ అట. అమెరికాలో తయారై డెబ్బై ఏళ్ళు. షెడ్డు కంటే పొడుగు. వెనక చేప తోకల్లాంటి రెక్కలు. పసుపు కమీషన్ ఏజెంటు రామకిష్టయ్య దాన్ని హైదరాబాదులో ఒక పాత నవాబుల ఇంట్లో కొని, పసుపు రంగు వేయించాడు. పసుపు కొమ్ముల రాశి పక్కన నిలబెడితే రెండూ ఒకటే రంగులో ఉండాలని ఆయన ముచ్చట.

"ఎంకటీ, మీ ఆమెకు చెప్పు," అన్నాడు రామకిష్టయ్య. ఆమె రెండడుగుల దూరంలోనే ఉంది. "గిది మామూలు బండి కాదు. అప్పట్ల దొరలెక్కిన బండి. బ్రేకు తొక్కితే పట్టుకోని వదలదు. ఇంకోసారి తొక్కితే అసలు పట్టదు. హైదరాబాదుల రెండుసార్లు చేయించిన. దీని లైనింగు చేత్తోని కోసి కట్టేది మీ ఆమె ఒక్కతే అన్నరు."

"దొరలెక్కినా గొర్లెక్కినా బ్రేకు బ్రేకే సేటు," అంది సువార్త, లేచి బానెట్ ఎత్తిస్తూ.

బ్రేకు ఆయిలు పోసే డబ్బా మూత తీసి వేలు ముంచింది. వాసన చూసింది. గ్లాసులో నీళ్ళు తెప్పించి ఒక చుక్క విదిలించింది. బ్రేకు ఆయిలైతే నీళ్ళలో కలిసిపోవాలి. ఇది కలవలేదు. పైన తేలి, గుండ్రంగా నిలబడి, ఆమె వైపు చూసింది.

"ఎవలు పోసిండ్రు గిది?"

"నేనే," అన్నాడు రామకిష్టయ్య, తడుముకోకుండా. "జర తక్కువయ్యింది. ట్రాక్టర్ హైడ్రాలిక్ ఆయిలు పోసిన. కొత్త డబ్బ, మస్తు క్వాలిటీ. గదే ఆయిలు ట్రాలీ నిండ పసుపు బస్తాలు లేపుతది. గంత బలమున్న ఆయిలు ఒక్క కారును ఆపదా?"

సువార్త గ్లాసు కింద పెట్టింది. గట్టిగా పెట్టింది, నీళ్ళు ఒలికాయి. "ఇది పోసినంక ఎన్ని దినాలు నడిపిండ్రు?"

"పసుపు యార్డుకు, ఇంటికి. ఓ నెల."

"నెల దినాలు పిల్లల్ని గూడ ఎక్కించుకున్నరా?"

"మా శ్రేయ దిగనంటది. మా మనుమరాలు. ఏడేండ్లది."

సువార్త పానా అందుకుంది. బ్రేకు తొక్కితే ఆయిలును నెట్టే మాస్టర్ సిలిండరు విప్పి, లోపలి రబ్బరు వాషర్లు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. అవి చాయలో నానిన రొట్టెలా ఉబ్బి, మెత్తబడి ఉన్నాయి. అవే ఉబ్బి దారి మూసేసి, తొక్కిన బ్రేకును వదలనివ్వలేదు. వదలకపోతే చక్రం వేడెక్కి లైనింగు కాలి గాజులా నున్నబడింది. నున్నబడ్డాక ఇక పట్టేదేముంది. "రబ్బర్లన్ని మార్చాలె. పైపులు కడగాలె. నాలుగు చక్రాలకు లైనింగు కట్టాలె. పది దినాలు," అంది.

"సోమవారం గుట్ట మీద బండి పూజ పెట్టుకున్న. మందికి చెప్పిన. ఎనిమిది దినాలే ఉన్నది, ఎంకటీ."

ఎనిమిది రోజుల్లోనే చేసింది. మాస్టర్ సిలిండరు రబ్బర్లు సేటు కొడుకు దినకర్ ఎక్కడి నుంచో తెప్పించి ఇచ్చాడు. చక్రాల వాషర్లు సువార్తే పాత జీపు సామాన్లలో అంగుళాల లెక్కన కొలిచి వెతికింది. ముందు చక్రాల హోసు పైపులు పాతబడి పగిలి ఉంటే మార్చింది. వెనక ఇరుసు మీది హోసు మాత్రం కొత్తది, హైదరాబాదులో వేసిందే, నిగనిగలాడుతోంది. దాన్ని ఉండనిచ్చింది. షూలు లోపల ఒరుసుకునే డ్రమ్ములు లేతు మిషను మీద తిప్పించుకొచ్చింది. కొట్టిన ప్రతి రివిటునూ వేలితో తడిమి చూసుకుంది. ఆ పని చేసినన్ని రోజులూ ఆమె కోపం కొంచెం తగ్గింది కూడా. ఆ షూలు అంత దళసరిగా, అంత వెడల్పుగా, మనిషి తీరిగ్గా కూర్చుని చేసినట్టు ఉన్నాయి. "చేసినోడు మంచిగ చేసిండయ్యా," అంది ఎంకటితో. ఆమె నోటి నుంచి అది పెద్ద మాట.

ఆదివారం మధ్యాహ్నం రామకిష్టయ్య వచ్చాడు. బ్రేకు తొక్కి చూశాడు, గట్టిగా ఉంది. సంతోషపడ్డాడు.

"రేపు పొద్దుగాల ఏడింటికి గుట్ట ఎక్కిచ్చి దించుత," అంది సువార్త. "నేను కూసోని చూస్త. తర్వాత మీ పూజ."

రామకిష్టయ్య ముఖం మారింది. ఎంకటి వైపు తిరిగాడు. "గట్ల కాదు ఎంకటీ. పూజ కాకముందల బయటి మంది కూసోవద్దు. నువ్వు నడుపు, నువ్వు చూడు. చాలు."

"మందంటే ఎవలు సేటు?" అంది సువార్త.

"నీకు తెల్వదా ఎంకటీ. దేవుని పని. నువ్వంటే బొట్టు వెట్టుకుంటవ్, గుట్టకు వస్తవ్. గామె సంగతి వేరే. నాకేం లేదు, మా ఇంట్ల ఆడోళ్ళకు పట్టింపు."

ఎంకటి నేల చూశాడు. "పోనియ్యరాదే," అన్నాడు భార్యతో, మెల్లగా. "నేను చూస్త గద."

సువార్త అతని వైపు చూడలేదు. రామకిష్టయ్య వైపే చూస్తూ, గొంతు పెంచకుండా అంది: "నేను కట్టిన షూలు మీ బండిని ఆపొచ్చు. నేను కొట్టిన రివిట్ల మీద మీ మనుమరాలి పాణం ఉండొచ్చు. నేను మాత్రం మీ సీటు మీద కూసోవద్దు."

రామకిష్టయ్య తన బండి వైపు నడిచాడు. వెళ్తూ, "ఎనిమిదింటికి వస్త, రెడీ పెట్టు," అని ఎంకటికే చెప్పాడు.

ఆయన బండి మలుపు తిరగక ముందే సువార్త జాకీ పెట్టింది. ముందు చక్రాలు రెండూ విప్పి, కారును మొద్దుల మీద కూర్చోబెట్టి, చక్రాలను షెడ్డులో దొర్లించి తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుంది. ఎంకటి అడ్డు పడలేదు, సాయమూ పట్టలేదు.

సోమవారం ఎనిమిదింటికి పూలదండలతో, కొబ్బరికాయలతో రెండు బండ్లు వచ్చాయి. చక్రాల్లేని కారును చూసి రామకిష్టయ్య అరవడం మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు. పరువు తీసిందన్నాడు. యార్డు మంది అంతా గుట్ట మీద ఎదురు చూస్తున్నారన్నాడు. పోలీసులను పిలుస్తానన్నాడు.

"పిలువుండ్రి," అంది సువార్త. పీట మీద కూర్చుని ఏదో లారీ షూ గీకుతోంది. "ఎస్సై సారు జీపుకు నేనే బ్రేకులు కట్టిన. ఆయన పక్కన కూసోనే ట్రయల్ చూసిన. అడుగుండ్రి, బొట్టు వెట్టుకున్ననా అని."

వెనక బండిలోంచి ఒకావిడ దిగింది. రామకిష్టయ్య భార్య విద్యావతి. ఒక చేత్తో మనుమరాలిని పట్టుకుని, భర్త అరుపులను దాటుకుని, నేరుగా సువార్త ముందుకు వచ్చి నిలబడింది.

"నువ్వెందుకు కూసోవాలె సువార్తా? నాకు సమజయ్యేటట్టు చెప్పు."

ముప్పై ఏళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ ఆమెను అడగలేదు. సువార్త షూ కింద పెట్టింది. "బ్రేకు పట్టకుంటే, పట్టలేదని తెలిసేటప్పటికి నేను లోపట ఉండాలెనమ్మా. బయట నిలవడి చూస్తే ఎవలైనా ధైర్యంగనే కడ్తరు. మా నాయిన గట్ల ఒప్పుకోకపోతుండె."

"మరి మా ఆయన వద్దన్నడా?"

"ఇంట్ల ఆడోళ్ళకు పట్టింపన్నడు."

విద్యావతి భర్త వైపు తిరిగింది. "ఇంట్ల ఆడోళ్ళంటే నేనే గద. నన్నెప్పుడు అడిగిండ్రు?"

రామకిష్టయ్య చేతిలో దండ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియలేదు.

"చక్రాలు ఎక్కియ్యి సువార్తా," అంది విద్యావతి. "నేను గూడ వస్త. శ్రేయా, నువ్వు తాత దగ్గరుండు."

ఎంకటి నడిపాడు. పక్కన సువార్త, వెనక సీటులో విద్యావతి. రామకిష్టయ్య మనుమరాలితో తన బండిలో కొంత ఎడంగా వెంట వచ్చాడు. నల్లటి రాళ్ళ మధ్య నుంచి అంత పెద్ద కారు ఏ ఇబ్బందీ లేకుండా గుట్ట ఎక్కింది. పైన గుడి దగ్గర ఆపకుండా తిప్పుకుని దిగడం మొదలుపెట్టారు. మొదటి మలుపులో బ్రేకు పట్టింది. రెండో మలుపులో పట్టింది. వెనక నుంచి విద్యావతి, "మెత్తగ ఆగుతున్నది," అంది.

సువార్త వినలేదు. చెవి కిటికీ బయట ఉంది. మూడో మలుపు దాటాక ఎంకటి బ్రేకు మీంచి కాలు తీశాడు. దిగుడులో కారు జారాలి. జారలేదు, ఈడ్చుకుంటూ పోయింది. వెనక నుంచి కాలిన వాసన వచ్చింది.

"ఆపు," అంది సువార్త. "తిన్నగ ఆపు. హ్యాండ్ బ్రేక్ ముట్టకు."

దిగి, చక్రాలకు రాళ్ళు పెట్టించి, వెనక చక్రం డ్రమ్ము మీద ఉమ్మేసింది. ఉమ్ము చుర్రుమంది. ఎంకటి ఏదో అనబోతే చెయ్యి అడ్డం పెట్టి, సంచీలోంచి పానా తీసుకుని తనే కారు కిందికి దూరింది. వెనక హోసు దాటాక ఉన్న జాయింటు కొంచెం వదులు చేయగానే ఆయిలు ఎగజిమ్మి చేతి మీద పడింది. వెనక చక్రాల మీద బ్రేకు పట్టు ఒక్కసారిగా వదిలింది.

ఆమె చాలాసేపు కిందే ఉండిపోయింది. బయటికి వచ్చేటప్పుడు ఆమె చేతిలో జానెడు నల్లటి హోసు పైపు ఉంది. నిగనిగలాడుతోంది, ఇప్పటికీ.

రామకిష్టయ్య బండి వచ్చి వెనక ఆగింది. ఆయన దిగి పరుగున వచ్చాడు.

"తప్పు నాది," అంది సువార్త. కోపంతో పైపును గుప్పిట బిగించింది. ఈసారి ఆ కోపం ఎవరి మీదో అందరికీ తెలుస్తూనే ఉంది. "కొత్తదున్నదని మార్చలే. మీ ట్రాక్టరు ఆయిలు నెల దినాలు దీంట్ల గూడ నిలవడ్డదని తెలిసి గూడ మార్చలే. ఇంకో రెండు మలుపులు దిగితే ఆయిలు మరిగి, తొక్కితే బ్రేకు అడుక్కు పోతుండె. నాలుగు చక్రాలకు ఒక్కటే ఆయిలు లైను, అన్ని ఒక్కసారే పోతుండె."

"నేను గూడ చూడలే," అన్నాడు ఎంకటి.

"నువ్వు నోరు ముయ్యి. గిది నా పని."

రామకిష్టయ్యకు దారి దొరికింది. "చూసినవా. గంత లొల్లి జేసి, చక్రాలు దాచి, ఆఖరికి నీ పనే తప్పు."

"అవు," అంది సువార్త. "గందుకే కూసుంటనన్న."

ఆయన దిగుడు వైపు చూశాడు. ఆమెను ఎక్కనివ్వనన్న కారు ఎనిమిదింటికి చక్రాలతో నిలబడి ఉంటే, ఇప్పుడు ఈ రోడ్డు మీద అందులో ఎవరెవరు ఉండేవారో ఆయన లెక్క వేసుకుంటున్నట్టు కనిపించింది. శ్రేయ వచ్చి నానమ్మ చేయి పట్టుకుని, "పూజ కాదా?" అంది.

సువార్త పైపును విదిలించి, కొంగుతో తుడిచి, ఒక కొస నోట్లో పెట్టుకుని ఊదింది. బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు తేలాయి. రెండో కొస దగ్గర ఎంకటి పెట్టిన అరచేతికి గాలి తగల్లేదు. పైపు బయటికి నిక్షేపంగా ఉంది, లోపల ఉబ్బి పూడిపోయింది. కాలితో తొక్కిన బలానికి ఆయిలు దూరి పోయింది గానీ, తిరిగి రాలేకపోయింది. నోట్లోంచి తీసి రామకిష్టయ్యకు అందించింది.

"ఊదుండ్రి సేటు."

ఆయన పైపు వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. విద్యావతి ఆయన్నే చూస్తోంది, ఊదమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆయన పైపు తీసుకుని, భుజం మీది కండువాతో కొస తుడిచి, ఊదాడు. ఏమీ కాలేదు. నమ్మలేదేమో, పైపును ఎండకు పట్టి చూశాడు.

సువార్త ఆయన చేతిలోంచి పైపు తీసుకుంది. మళ్ళీ నోట్లో పెట్టుకుని, ఇంకా గట్టిగా, కళ్ళు ఎర్రబడేదాకా ఊది, మళ్ళీ ఆయన చేతిలో పెట్టింది.

ఈసారి రామకిష్టయ్య కండువా తీయలేదు. అట్లాగే నోట్లో పెట్టుకుని, ఊపిరి ఉన్నంతా ఊదాడు. దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక పైపును చేతిలో తిప్పి చూసుకుంటూ, ఎంకటి వైపు తిరగకుండా అన్నాడు:

"పోతలేదు సువార్తా."

"ఎట్ల పోతది," అంది ఆమె. కోపం ఇంకా దిగలేదు. "మూడు దినాలు పడ్తది. మళ్ళ గుట్ట ఎక్కుత. మళ్ళ నేనే కూసుంట."